ముఖదూషిక: మొటిమల చికిత్సకు ఒక చరిత్ర

ప్రాచీన భారతీయ వైద్యులు వ్యాధులకు పేర్లు పెట్టిన తీరులో వారి లోకజ్ఞానం కనిపిస్తుంది. కొన్ని వ్యాధులకు దోషాన్ని బట్టి, కొన్నింటికి అవయవాన్ని బట్టి, మరికొన్నింటికి ఆకారాన్ని బట్టి పేర్లు వచ్చాయి. మొటిమలకు సుశ్రుత సంహిత పెట్టిన పేరు వీటన్నిటికంటే భిన్నమైనది. అది 'ముఖదూషిక'. ముఖాన్ని పాడుచేసేది అని అర్థం. నొప్పిని గానీ చీమును గానీ చెప్పక, రోగి అద్దంలో చూచుకొన్నప్పుడు పడే బాధను ఈ పేరు చెబుతుంది. ఇదే వ్యాధికి 'యౌవన పిడక' అనీ, తర్వాతి కాలంలో 'తారుణ్య పిటక' అనీ వ్యవహారం ఉన్నది. యూరోపియన్ వైద్యులు వాడే 'యాక్నె' అన్న మాట కూడా శిఖరం, పరిపక్వదశ అనే అర్థంగల గ్రీకు పదం నుంచి వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. రెండు నాగరికతలూ ఈ వ్యాధిని వయస్సుతో ముడిపెట్టి చూడటం ఆసక్తికరమైన విషయం.

సుశ్రుత సంహిత నిదానస్థానంలోని 13వ అధ్యాయం 'క్షుద్రరోగ నిదానం'. అందులో 44 వ్యాధులు చెప్పబడ్డాయి. క్షుద్రమంటే అల్పమని అర్థం చేసుకొని, మొటిమలను పూర్వులు పట్టించుకోదగని విషయంగా భావించారని కొందరు అంటారు. అధ్యాయం మొత్తం చదివితే ఈ వాదం నిలవదు. తల వెంట్రుకలు రాలడం, నెరవడం, ముఖంపై నల్లమచ్చలు రావడం వంటి వాటితోపాటు, వారం రోజుల్లో గానీ పన్నెండు రోజుల్లో గానీ పక్షంలో గానీ ప్రాణం తీసే 'అగ్నిరోహిణి' కూడా ఆ 44లో ఒకటి. కాబట్టి క్షుద్రమన్నది తీవ్రతను సూచించే మాట కాదు; నిదానం, లక్షణం, చికిత్స క్లుప్తంగా చెప్పదగిన వ్యాధుల సముదాయానికి పెట్టిన పేరుగా దానిని గ్రహించడమే ఉచితం.

యౌవనంలో ఉన్నవారి ముఖంపై కఫం, వాతం, రక్తం కారణంగా శాల్మలి వృక్షపు ముళ్ళవంటి పిడకలు పుడతాయని సుశ్రుతుడు వర్ణించాడు. శాల్మలి అంటే బూరుగు. ఎర్రని పూలు పూసే బూరుగు మానును దగ్గరగా చూచినవారికి ఈ ఉపమానం ఎంత సరియైనదో వెంటనే బోధపడుతుంది. ఆ చెట్టు ముల్లు తుమ్మముల్లు వలె సన్నగా పొడవుగా ఉండదు. మొదట వెడల్పుగా, గట్టిగా, గోపురం వలె పైకి లేచి కొస దేలి ఉంటుంది. కవికి చెట్టు పూవు కనిపిస్తే వైద్యునికి ముల్లు కనిపించింది. ఈ ఉపమానం తర్వాతి గ్రంథకర్తలెవరూ విడిచిపెట్టలేదు.

వాగ్భటుడు తన అష్టాంగహృదయంలో క్షుద్రరోగాల సంఖ్యను 36కు తగ్గించాడు. ముఖదూషికను మాత్రం ఉంచి, దాని లక్షణాలకు ఒక మాట చేర్చాడు. బూరుగు ముల్లు ఆకారం గలవి, నొప్పిగలవి, గట్టివి అని చెబుతూ 'మేదోగర్భాలు' అన్నాడు. అంటే లోపల కొవ్వు గలవి. చర్మం కింది తైలగ్రంథులు అధికంగా స్రవించడం, రోమకూపాల ముఖాలు మూసుకుపోవడం, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి వాపు కలగడం మొటిమలకు కారణమని ఆధునిక చర్మవైద్యం చెబుతున్నది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, మనవారికి అన్నీ ముందే తెలుసునని గర్వించే రచనలు మనకు కొరత లేదు. గ్రంథులను గురించి గానీ సూక్ష్మజీవులను గురించి గానీ వాగ్భటునికి తెలిసే అవకాశం లేదు. మొటిమను నొక్కినప్పుడు ఏమి బయటికి వస్తుందో శ్రద్ధగా చూచి, చూచినదాన్ని ఒక్క మాటలో చెప్పాడు. ఆ ప్రశంస ఆయనకు చాలు.

చికిత్స విషయంలో ఈ ఇద్దరి మధ్య ఒక తేడా ఉన్నది. యౌవన పిడకలకు వమనం, అంటే ఔషధం ఇచ్చి వాంతి చేయించడం, విశేషంగా హితమని సుశ్రుతుడు ముందుగా చెప్పాడు. ఆ తర్వాత రెండు లేపాలు చెప్పాడు. ఒకటి వస, లొద్దుగ చెక్క, సైంధవ లవణం, ఆవాలు కలిపి నూరినది. రెండవది ధనియాలు, వస, లొద్దుగ, చెంగల్వకోష్టు కలిపినది. వాగ్భటుడు ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. ముందు లొద్దుగ, ధనియాలు, వసల లేపం చెప్పాడు. లేదా మర్రి చిగుళ్ళతో కొబ్బరి చిప్పను చేర్చిన లేపం. వీటితో శాంతించకపోతేనే వమనం, నస్యం, నుదుటి సిరనుండి రక్తం తీయడం. మొదటివాడు లోపలి దోషాన్ని కడిగిన తర్వాతనే పైపూతకు విలువ అన్నాడు. రెండవవాడు పైపూతతో పోయేదానికి దేహాన్ని కష్టపెట్టడమెందుకన్నాడు. చర్మవ్యాధి ఏదైనా నేటికీ వైద్యుల మధ్య ఈ తగవు తెగలేదు.

ఇక్కడ మరొక విషయం గమనార్హం. మొటిమలనగానే నేడు ప్రతివారి నోట వచ్చే వేప, పసుపు పైన చెప్పిన యోగాల్లో లేవు. ఆయుర్వేదంలో వీటికి స్థానం తక్కువేమీ కాదు. కుష్ఠ చికిత్సలో, వ్రణ చికిత్సలో ఇవి అడుగడుగునా కనిపిస్తాయి. మొటిమల ప్రకరణంలో మాత్రం రాణివాసం లొద్దుగది. సుశ్రుత సంహిత మొదలు 13-14 శతాబ్దాల నాటిదిగా భావింపబడే శార్ఙ్గధర సంహిత వరకు, వెయ్యేళ్ళకు పైబడి, లొద్దుగ-వస జోడి చెక్కుచెదరలేదు. శార్ఙ్గధరుడు లొద్దుగ, ధనియాలు, వసల లేపాన్నీ, తెల్ల ఆవాలు, వస, లొద్దుగ, సైంధవాల లేపాన్నీ పూర్వుల వలెనే చెప్పి, మిరియాలతో గోరోచనం కలిపి పూసే మూడవ యోగాన్ని చేర్చాడు. తర్వాతి సంగ్రహ గ్రంథాల్లో బూరుగు ముళ్ళనే పాలతో నూరి ముఖానికి పట్టించే యోగం కనిపిస్తుంది. ముల్లువంటి వ్యాధికి ముల్లే మందు కావడం వెనుక ఔషధ గుణమున్నదా, ఉపమానం తనంతట తానే ఔషధమైనదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ప్రపంచంలోని అన్ని జానపద వైద్యాల్లోనూ పోలికను బట్టి మందును ఎన్నుకొనే ఆచారం ఉన్నది గనుక రెండవదే ఎక్కువ సంభావ్యంగా తోస్తుంది.

శార్ఙ్గధరుని గొప్పతనం యోగాల జాబితాలో కాక, లేపం వేసే విధానాన్ని శాస్త్రబద్ధం చేయడంలో ఉన్నది. ఆయన ముఖలేపాలను మూడు రకాలుగా విభజించాడు. దోషాన్ని హరించేది, విషాన్ని హరించేది, వర్ణాన్ని ఇచ్చేది. వీటి మందం అంగుళంలో నాలుగవ వంతు, మూడవ వంతు, సగం అని కొలత చెప్పాడు. తడిగా ఉన్నంతవరకే లేపం వ్యాధిని హరిస్తుందనీ, ఆరిపోయినది చర్మకాంతిని చెరుపుతుందనీ హెచ్చరించాడు. ముఖానికి పూత పట్టించుకొని అది బిగిసి పగుళ్ళు వచ్చేవరకు ఓపికగా కూర్చునే అలవాటు నేటి ఇళ్ళలోనూ అలంకరణశాలల్లోనూ సర్వసాధారణం. ఎంత బిగిస్తే అంత పనిచేసినట్లు లెక్క. ఆ అలవాటుకు శాస్త్రసమ్మతి లేకపోగా స్పష్టమైన నిషేధం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. మొటిమలు గల చర్మాన్ని ఎండబెట్టి, లాగి, ఒలిస్తే వాపు పెరుగుతుందని అనుభవజ్ఞులైన చర్మవైద్యులూ చెబుతారు.

వాగ్భటుడు సూత్రస్థానంలో మరికొంత ముందుకు వెళ్ళి ఆరు ఋతువులకు ఆరు ముఖలేపాలు చెప్పాడు. హేమంతానికి చెప్పినదానిలో లొద్దుగ, తెల్ల ఆవాలు ఉన్నాయి. లేపం ముఖంపై ఉండగా పగటినిద్ర, అధిక సంభాషణ, అగ్ని, ఎండ, శోకం, కోపం కూడదన్నాడు. కోపమూ శోకమూ కూడదనడం మొదట వింతగా తోచవచ్చు. తడిపూత ముఖంపై ఉన్నవాడు మాట్లాడినా ముఖం ముడిచినా పూత చిట్లుతుందన్న సామాన్య సత్యమే దీని ఆధారం కావచ్చు. మనస్తాపానికీ చర్మానికీ గల సంబంధం ఆయన దృష్టిలో ఉన్నదని చెప్పేవారూ ఉన్నారు గానీ, శ్లోకం అంత బరువు మోయగలదని తోచదు.

యునానీ వైద్యంలో మొటిమల పేరు 'బుసూర్-ఎ-లబనియా', అంటే పాలపొక్కులు. నొక్కినప్పుడు పాలవంటి తెల్లని పదార్థం రావడం వల్ల ఈ పేరు వచ్చింది. బూరుగు ముల్లు బయటి ఆకారాన్ని చెబితే, ఈ పేరు లోపలి పదార్థాన్ని చెప్పి వాగ్భటుని మేదోగర్భానికి దగ్గరగా నిలుస్తుంది. నల్లజీలకర్రగా కొందరు పొరబడే కలోంజీ గింజలను సిర్కాతో నూరి పూయడం ఈ పద్ధతిలో ప్రసిద్ధమైన చికిత్స. నిజాముల పాలనలో హైదరాబాదు యునానీకి దక్షిణాదిలో ప్రధాన కేంద్రమైంది. చార్మినారు పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాల 1938 నాటిది. ఎర్రగడ్డలోని కేంద్రీయ యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సలో పేరుపొంది, చర్మవ్యాధులకు ప్రత్యేకించిన జాతీయ సంస్థగా రూపొందింది.

శాస్త్రగ్రంథాలకు బయట మరొక ప్రవాహం ఉన్నది. అది గృహిణులది. తెలుగునాట పండుగనాడూ పెళ్ళినాడూ పెట్టే నలుగు, పిల్లలకు వారం వారం తలంటితో పాటు రుద్దే సున్నిపిండి, కచ్చూరాలు, కస్తూరి పసుపు, సానరాయిపై అరగదీసిన మంచిగంధం, పాలతో అరగదీసిన జాజికాయ ఇవన్నీ ఏ సంహితనూ చదవని చేతుల మీదుగా తరతరాలకు అందాయి. వేపా పసుపూ మొటిమల మందుగా స్థిరపడినది ఈ ప్రవాహంలోనే. తెలుగు వైద్యులకు ప్రమాణ గ్రంథమైన బసవరాజీయం సంస్కృత శ్లోకాలతోపాటు తెలుగు వివరణనూ ఇవ్వడం వల్ల పండితులకూ పల్లె వైద్యులకూ మధ్య వారధిగా నిలిచింది. అయినా నలుగుపిండిలో పెసలెన్ని, పసుపెంత అన్న లెక్క ఏ గ్రంథానికీ ఎక్కలేదు. దానిని రాసిపెట్టవలసినంత విషయంగా ఎవరూ భావించలేదు. ఉమ్మడి కుటుంబాలు చెదరి, పిండి మర పట్టించుకొనే ఇళ్ళు తగ్గిన కొద్దీ పోతున్నది ఈ లెక్కే.

బ్రిటిష్ ప్రభుత్వ కాలంలో దేశీయ వైద్యం నాటువైద్యమన్న చులకనకు గురైంది. దానికి సమాధానంగా బందరు ప్రాంతం నుంచి వెళ్ళి మద్రాసులో ఆయుర్వేద విద్యాబోధనకు జీవితం ధారపోసిన దీవి గోపాలాచార్యుల వంటి వారు కృషి చేశారు. మద్రాసు ప్రభుత్వం 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన, కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శిగా నియమించిన సంఘం 1923లో నివేదిక సమర్పించింది. దేశీయ వైద్యాన్ని గురించి వైద్యుల సాక్ష్యాలను ప్రాంతీయ భాషల్లో సైతం స్వీకరించిన ఆ నివేదిక నేటికీ చదువదగినది.

స్వతంత్ర భారతంలో ప్రశ్న రూపం మారింది. ఆయుర్వేదం శాస్త్రమా కాదా అన్న ప్రశ్న వెనుకబడి, ఏది ఔషధం, ఏది అలంకరణ సామగ్రి అన్నది ముందుకు వచ్చింది. 1940 నాటి ఔషధ చట్టం 1962 సవరణతో సౌందర్య సాధనాలనూ తన పరిధిలోకి తెచ్చుకొని పేరు మార్చుకొన్నది. 1964 సవరణ ఆయుర్వేద, యునానీ ఔషధాలకు ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. చట్టపు మొదటి షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాల పట్టిక ఉన్నది. చరక, సుశ్రుతాలతోపాటు మన బసవరాజీయం కూడా అందులో చోటు చేసుకొన్నది. ఒక గ్రంథం పేరు చట్టంలో ఉండటం వల్ల దానిలోని యోగానికి ఔషధ హోదా లభించడం ప్రపంచంలో అరుదైన ఏర్పాటు.

ఈ హోదాకు పన్ను కోణం కూడా ఉన్నది. సౌందర్య సాధనాలపై కేంద్ర ఎక్సైజు సుంకం ఔషధాలపై సుంకం కంటె ఎక్కువగా ఉండేది. అందువల్ల మొటిమల చూర్ణం ఏ వర్గానికి చెందుతుందన్న ప్రశ్న వైద్యశాలల్లో కాక న్యాయస్థానాల్లో తేలవలసివచ్చింది. నాగపూరు ఎక్సైజు కమిషనరుకూ ఒక ఆయుర్వేద సంస్థకూ నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. వేప ముఖలేపం, మొటిమల నివారణ చూర్ణం వంటివి ఆ వివాదంలో ఉన్నాయి. సౌందర్య సాధనం రూపాన్ని మెరుగుపరచేది, ఔషధం ఒక రుగ్మతను నయం చేసేది అన్న భేదాన్ని ఆధారం చేసుకొని, ఆ ఉత్పత్తుల్లో అధికభాగం ఔషధాలేనని న్యాయస్థానం నిర్ణయించింది. ముఖలేపాలను దోషహరమనీ వర్ణ్యమనీ విడదీసిన శార్ఙ్గధరుడు ఆ వాదనలు విని ఉంటే ఆశ్చర్యపడేవాడు కాడేమో.

ఔషధమని అంగీకరించిన తర్వాత అది పనిచేస్తుందా అన్న ప్రశ్న తప్పదు. పసుపులోని కర్క్యుమిన్‌ను యూరప్‌లో 1815లోనే వేరుచేశారు. దాని సూక్ష్మజీవి నిరోధక గుణాన్ని 1949లో ప్రకటించారు. వేపనూనెనుంచి నింబిన్, నింబిడిన్ మొదలైన చేదు పదార్థాలను సలీముజ్జమాన్ సిద్దీఖీ 1942లో వేరుచేశారు. గాజుపాత్రలో సూక్ష్మజీవులను చంపినదల్లా మనిషి ముఖంపై మొటిమను తగ్గిస్తుందని చెప్పలేము. దానికి రోగులపై పరీక్ష జరగాలి. ఆ దిశగా 1990 దశకంలో కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. ఆస్ట్రేలియాలో 124 మందిపై జరిపిన పరీక్షా ఫలితాలు 1990లో వెలువడ్డాయి. అక్కడి ఆదివాసుల వాడుకలో ఉన్న టీ ట్రీ నూనెను 5 శాతం మోతాదులో, వైద్యులు వాడే బెంజాయిల్ పెరాక్సైడుతో పోల్చిచూశారు. నూనె నెమ్మదిగా పనిచేసినా పనిచేసింది; చర్మం మంట, ఎండిపోవడం తక్కువ. మనదేశంలో గుగ్గులు సారాన్ని టెట్రాసైక్లిన్‌తో పోల్చిన ఒక చిన్న అధ్యయనం 1994లో వెలువడింది. రెంటి ఫలితం ఇంచుమించు సమానమని తేలినా, అందులో పాల్గొన్నవారు 20 మందే.

1995లో వెలువడిన అధ్యయనం వీటికంటె ముఖ్యమైనది. మొటిమలు గల 82 మంది రోగులకు నాలుగు ఆయుర్వేద యోగాలనూ, ఔషధం లేని ఉత్తుత్తి మాత్రలనూ పంచి ఇచ్చారు. ఎవరికి ఏది అందినదో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. ఆరు వారాల తర్వాత చూస్తే సుందరవటి అనే యోగం ఒక్కటే గణనీయమైన ఫలితం చూపింది. దానిలో కొడిసెపాల, ఉసిరిక, వాయువిడంగాలు, శొంఠి ఉన్నాయి. మిగిలిన మూడూ నిలవలేదు. ఆయుర్వేదాభిమానులు మొదటి వాక్యాన్ని, విమర్శకులు చివరి వాక్యాన్ని ఉదాహరిస్తూ వచ్చారు. రెండూ కలిపి చదివితేనే ఆ అధ్యయనానికి విలువ. నాలుగింటిలో ఒకటి నిలిచిందంటే పరీక్ష జరగని వందలాది యోగాల్లో నిలిచేవి ఉండవచ్చు, నిలవనివి ఎక్కువగా ఉండవచ్చు. ఏవి ఏవో తేల్చగల పరీక్షలు, అంతకంటె పెద్ద సంఖ్యలో రోగులతో, ఇంకా జరగవలసి ఉన్నది. లొద్దుగ-వసల లేపానికి ఆ మర్యాద దక్కితే సుశ్రుతుని మాటకు న్యాయం జరిగినట్లే.

ఇదే కాలంలో గాయాలను మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికాలో 1995లో పేటెంటు మంజూరయింది. శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాధారాలతో దానిని సవాలు చేయగా 1997లో రద్దయింది. 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన అంకాత్మక గ్రంథాలయానికి ఈ పోరాటమే ప్రేరణ. గ్రంథస్థమైన జ్ఞానాన్ని కాపాడుకొనే సాధనం అలా మనకు లభించింది. గ్రంథస్థం కాని నలుగుపిండికి మాత్రం ఆ రక్షణ అంత సులభం కాదు.

మూలికా వైద్యం నెమ్మదైనది. నెమ్మదితనమే దాని బలహీనత అయింది. వారంలో ఫలితం కోరే యువతీ యువకులు వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ కలిసిన లేపనాలకు అలవాటుపడ్డారు. మొదట ముఖం తేటపడినట్లు కనిపించి, తర్వాత చర్మం పలచబడి, మానివేసిన వెంటనే మొటిమలు రెట్టింపయ్యే ఈ విపత్తు దేశమంతటా చర్మవైద్యులను కలవరపెట్టింది. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని పట్టికలో చేర్చింది. పాదరసం కలిసిన తెల్లదనపు లేపనాలది మరొక కథ. పాదరసంపై 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం అటువంటి వాటిని 2020 నాటికి తొలగించాలని నిర్దేశించింది. మూలికల పేరుతో అమ్మినంతమాత్రాన డబ్బాలో మూలికలే ఉన్నాయని నమ్మడానికి వీలులేదు. మూలికలే ఉన్నా అవి అందరికీ పడవు. ఆవాలు, మిరియాలు, వస సున్నితమైన చర్మాన్ని మండిస్తాయి. నిమ్మరసం పూసుకొని ఎండలో తిరిగితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి. గడ్డలు కట్టి గుంటలు పడే మొటిమలకు వంటింటి వైద్యం చాలదు. ఆలస్యం చేసిన కొద్దీ మచ్చ మిగిలిపోతుంది.

చివరగా మూలికల మాట. లేపంలో వాడే లొద్దుగ ఆకు కాదు, పండు కాదు, చెట్టు బెరడు. మానుచుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు నిలవదు. తూర్పు కనుమల్లోనూ పెరిగే ఈ చెట్టు, స్త్రీల వ్యాధులకు వాడే ఔషధాల్లోనూ ముఖ్యమైనది కావడం వల్ల గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. అసలు చెక్క కొరవడిన చోట వేరే చెట్ల బెరడు అదే పేరుతో బజారుకు వస్తుంది. వర్ణ్య లేపాల్లో చేరే రక్తచందనం శేషాచలం కొండల పరిసరాల్లో తప్ప మరెక్కడా సహజంగా విస్తారంగా పెరగదు. 1995 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ గల జాతుల పట్టికలో ఉన్నది. ఔషధ మొక్కల సంరక్షణకు, సాగుకు కేంద్రం 2000 నవంబరులో జాతీయ ఔషధ మొక్కల మండలిని ఏర్పాటు చేసింది. ధనియాలు, ఆవాలు రైతు పొలంలో ఏటా పండుతాయి. లొద్దుగ మాను మాత్రం ఒక పంటకాలంలో ఎదిగేది కాదు. ఈనాడు నాటినదాని బెరడు వైద్యుని చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆలోగా కొండ దిగివచ్చే ప్రతి చెక్కా ఎవరూ నాటని చెట్టునుంచి ఒలిచినదే.